గర్భస్రావమైన స్త్రీకి ఆసుపత్రి సహాయము

వరంగల్లు వైపునుండి హైదరాబాదునకు వచ్చువారికి ఉప్పల్ చేరిన పిదప నగరములోనికి రెండు దారులు చీలును. ఒకటి రామాంతపూర్, అంబర్‌పేట, గోల్నాకల మీదుగా కోఠికి పోవును. రెండవది హబ్సిగూడ, తార్నాకల మీదుగా సికిందరాబాదు వైపునకు పోవును. ఈ రెండు దారుల నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము విస్తరించియున్నది. మొదటి దారిని పట్టినవారు సుల్తాన్ బజారులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి, రెండవ దారిని పట్టినవారు ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రికి చేరగలరు. ప్రసవమునకు ఆసుపత్రికి పోవలెనని నేడు పల్లెలలో అందరికిని తెలిసినదే. కాని నెలలు నిండకమునుపే కడుపు పోయినచో, ఆ స్త్రీకి కూడ అదే ఆసుపత్రిలో, అంతే హక్కుతో, ఖర్చు లేకుండ చికిత్స కలదని చాలమంది ఎరుగరు. ఎరిగినవారు కూడ సిగ్గుచేతనో, నింద వచ్చునను భయముచేతనో ఒక పూట, రెండు పూటలు ఆలస్యము చేయుచున్నారు. ప్రాణమునకు ముప్పు తెచ్చునది పెక్కుసార్లు ఆ ఆలస్యమే.

గోల్నాక మూసీనదికి చేరువనున్న పాత పేటలలో ఒకటి. పల్లెలనుండి పనికై వచ్చి స్థిరపడిన కుటుంబములు అచ్చట అనేకములు కలవు. వారికి పండుగలు, పెండ్లిండ్లు, పురుళ్లు అన్నియు నేటికిని సొంత ఊరితోనే ముడిపడియున్నవి. ఆ పేటలో మేము కొందరు స్త్రీలతో మాటలాడుచుండగా ఒక పెద్దమ్మ తన కోడలి సంగతి చెప్పినది. "మూడో నెల సారూ. పండుగకని ఊరికి పోయినం. మొదలు కొంచెం కనబడ్డది. పండుగపూట నలుగురికి ఎట్ల చెప్పాలె అని ఊకున్న. రెండోదినం పొద్దుగాల బాయికాడ కండ్లు తిరిగి పడ్డది" అని ఆమె అనినది. ఆ కోడలు బ్రతికినది. కాని మూడు సీసాల రక్తము ఎక్కించవలసివచ్చినది. మొదటినాడే తీసికొనివచ్చియున్నచో అంత రక్తము పోయెడిది కాదని డాక్టరమ్మ చెప్పినదట. "ఆ మాట ఇప్పటికీ ముల్లులెక్క గుచ్చుతది" అని ఆ పెద్దమ్మ కన్నులు తుడుచుకొనినది. ఆమె దుర్మార్గురాలు కాదు. కోడలి పరువును, తన ఇంటి పరువును కాపాడుకొనుచున్నానని తలచినది. అట్టి తల్లులకును, అత్తలకును, ముఖ్యముగా భర్తలకును తెలియవలసిన సంగతులు కొన్ని కలవు.

గర్భము నిలిచినదని తెలిసిన ప్రతి నూరుమందిలో పదినుండి పదునైదుమందికి గర్భస్రావమగుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. ఇది ఒక దేశమునకో, ఒక కులమునకో, పేదవారికో పరిమితమైనది కాదు. ఇందులో అధికభాగము మొదటి మూడు నెలలలోనే జరుగును. వీనిలో సుమారు సగమింటికి కారణము, పిండము ఏర్పడిన క్షణముననే దానిలోని క్రోమోసోములు, అనగా వంశలక్షణములను మోయు సూక్ష్మపు పోగులు, లెక్క తప్పుట. అట్టి పిండము పెరుగజాలదు. దానిని తల్లి చేసిన పని చెరుపలేదు. తల్లి చేయని పని కాపాడనులేదు. నీళ్లబిందె ఎత్తినందువలన, బస్సులో కుదుపులకు లోనైనందువలన, గ్రహణమునాడు బయటికి వచ్చినందువలన, ఎవరిదో దృష్టి తగిలినందువలన ఇది జరిగినదని ఊళ్లలో అనుటకలదు. ఒక పండిన బొప్పాయి ముక్క తినిన కోడలిని ఏండ్ల తరబడి దెప్పిన ఇండ్లను మేమెరుగుదుము. ఈ మాటలకు ఆధారము లేదు. అదుపులేని మధుమేహము, రక్తపుపోటు, థైరాయిడు లోపము, మలేరియా వంటి తీవ్రజ్వరములు, పొగాకు, మద్యము, తల్లి వయస్సు మీరుట, ఇవి కారణములు కాగలవు. కాని ఇవి వైద్యుడు విచారింపవలసిన సంగతులే కాని వాకిటిలో కూర్చుండి తీర్పు చెప్పదగినవి కావు.

ఇక మాటల వివరము కొంత తెలిసికొనవలెను. వైద్యులు సాధారణముగా ఇరువది వారములు నిండకమునుపు గర్భము పోవుటను గర్భస్రావమందురు. స్త్రీ కార్మికులకు సెలవునిచ్చు చట్టము ఈ గడువును ఇరువదియారు వారములవరకు పొడిగించి లెక్కించినది. జననమరణముల నమోదు విషయములోనైతే, ఇరువదియెనిమిది వారములు నిండిన పిదప నిర్జీవముగా పుట్టిన శిశువును మృతశిశు జననముగా నమోదు చేయవలెను. అంతకుముందు జరిగిన గర్భస్రావమునకు నమోదు అక్కరలేదు. ఒకే దుఃఖమునకు మూడు గడువులుండుట చదువుకొన్నవారిని కూడ తికమక పెట్టుచున్నందున ఇంతగా చెప్పవలసివచ్చినది.

గర్భిణికి ఏ నెలలోనైనను రక్తము కనబడినచో అది గర్భస్రావమే యని భయపడవలసినది లేదు. మొదటి నెలలలో కొంచెము కనబడి, పిదప నిలిచిపోయి, నెలలు నిండి చక్కని బిడ్డను కన్న తల్లులు అనేకులు. కాని ఆ సంగతిని తేల్చవలసినది వైద్యుడు. కొంచెమే కనబడినను అదేదినమున ఏ.ఎన్.ఎం.కు గాని, ఆశా కార్యకర్తకు గాని తెలిపి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. గంటకు రెండు గుడ్డలు లేక ప్యాడ్లు తడిసిపోవునంతగా రక్తము పోవుచున్నను, గడ్డలు గడ్డలుగా పడుచున్నను, కండ్లు తిరుగుచున్నను, చలిజ్వరము వచ్చినను, దుర్వాసనతో స్రావమగుచున్నను ఇంట ఒక్క గడియయైనను నిలువరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఈ వాహనముల సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. ప్రసవమునకే కాని దీనికి రాదేమోయని కొందరు సందేహించుచున్నారు. అట్లు కాదు, రక్తస్రావము అత్యవసరమే.

మరియొక అపాయమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. నూటికి ఒకరిద్దరిలో గర్భము గర్భసంచిలో గాక దాని ప్రక్కనున్న సన్నని నాళములో నిలుచును. అది పెరిగినకొలది నాళము చిట్లి రక్తము పొట్టలోనే పోవును. బయటికి కనబడునది కొంచెమే. పొత్తికడుపులో ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి, భుజము కొనలో పోటు, మొగము పాలిపోవుట, స్పృహ తప్పుట దీని గురుతులు. ఇట్టి స్త్రీకి ఎవరో చెప్పిరని మందుల దుకాణమునుండి మాత్రలు తెచ్చి మ్రింగించినచో ప్రాణమునకే మోసము వచ్చును. ఊరిలోని ఆర్.ఎం.పి. ఇచ్చు సూదిమందు రక్తమును నిలుపదు. సమయమును మాత్రము తినివేయును. ఆర్.ఎం.పి. లెల్లరును చెడ్డవారని మేమనుటలేదు. అర్ధరాత్రి తలుపు తట్టిన లేచివచ్చువారు పల్లెలో వారొక్కరేయైన రోజులున్నవి. వారు చేయగల మేలు ఒక్కటే: రోగిని నిలుపక వాహనము పిలిపించుట.

వెంట తీసికొనిపోవలసినవి కొద్దియే. తల్లీబిడ్డల రక్షణ కార్డు, అంతవరకు తీసిన స్కానింగు కాగితములు, రక్తపు గ్రూపు వ్రాసిన చీటీ, మార్చుకొనుటకు రెండు చీరలు, అవసరమైనచో రక్తమీయగల ఆరోగ్యవంతుడు ఒకడు. ఇంటిలో ఏదైనా ముద్దగా పడియున్నచో అసహ్యించుకొని పారవేయక శుభ్రమైన డబ్బాలో పెట్టి వైద్యునకు చూపవలెను. అది చూచినచో గర్భసంచిలో ఇంకను ఏమైన మిగిలియున్నదా యనునది తెలిసికొనుట వారికి సులభమగును. కాగితములు దొరకలేదని ప్రయాణము ఆపవలదు. కాగితములు మరునాడు తేవచ్చును.

ఖర్చును గూర్చి ఒక మాట. 2011 జూన్ 1న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు మందులు, పరీక్షలు, రక్తము, భోజనము, రాకపోకల వాహనము ఉచితములు. మొదట ఇది ప్రసవమునకే వర్తించినను, కొలది సంవత్సరములలోనే గర్భధారణ కాలములో వచ్చు ఇతర చిక్కులకు కూడ విస్తరింపబడినది. నగరములో నివసించువారికి 2018 నుండి బస్తీ దవాఖానాలు కూడ ఏర్పడినవి. గోల్నాక వంటి పేటలవారు చిన్న అనుమానమునకు మొదట అచ్చటికి పోవచ్చును. రక్తము ధారగా పోవుచున్నప్పుడు మాత్రము బస్తీ దవాఖానావద్ద ఆగక నేరుగా పెద్ద ఆసుపత్రికి పోవలెను.

హైదరాబాదు నగరము స్త్రీల వైద్యములో నిన్న మొన్న కన్ను తెరచినది కాదు. ఇచ్చటి వైద్య పాఠశాల 1846లో స్థాపింపబడినది. దాని అధిపతియైన ఎడ్వర్డ్ లారీ క్లోరోఫారము మత్తును పరీక్షించుటకై 1888, 1889లలో జరిపించిన విచారణలు ప్రపంచ ప్రసిద్ధములు. ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్జీ మత్తు ఇచ్చు విద్యను నేర్చి ఈ నగరపు ఆసుపత్రులలో పనిచేసెను. ఆ పని చేసిన ప్రపంచపు తొలి మహిళలలో ఆమె యొకరు. గోల్నాకకు కూతవేటు దూరముననున్న చాదర్‌ఘాట్ ఆసుపత్రిలో కూడ ఆమె సేవచేసెను. తన పరిచారిక ప్రసవవేళ మరణించినందుకు చలించిన నీలోఫర్ రాకుమారి పూనికతో స్త్రీలకును, శిశువులకును ఏర్పడిన ఆసుపత్రి 1953లో తెరువబడినది. గాంధీ ఆసుపత్రి సికిందరాబాదునుండి పూర్వపు ముషీరాబాదు జైలు స్థలమునకు 2003లో మారినది. అచ్చట 2023లో 200 పడకల మాతాశిశు విభాగము కూడ వెలసినది. కట్టడములు ఇట్లు పెరుగుచున్నవి. ఆ కట్టడములలో గర్భస్రావమైన స్త్రీకి జరుగవలసినదేమి?

మొదట ప్రాణరక్షణ. నాడి, రక్తపుపోటు చూచి, చేతికి సూది అమర్చి సెలైను ఎక్కింతురు. రక్తపు గ్రూపు, రక్తహీనత, మూత్రము పరీక్షింతురు. పిదప స్కానింగు. పిండమునకు గుండెచప్పుడున్నదా, గర్భము గర్భసంచిలోనే యున్నదా, ఏమైన మిగిలియున్నదా యనునవి ఇందులో తెలియును. గర్భము మరీ చిన్నదైనప్పుడు ఒక్క స్కానింగుతో తేలదు. ఆరు వారములని తల్లి లెక్కించినది నిజమునకు అయిదు వారములే కావచ్చును. గుండెచప్పుడు ఇంకను మొదలుకాకపోవచ్చును. అట్టి సందర్భములో వైద్యులు వారము పదిదినముల తరువాత మరల రమ్మందురు. ఇది అశ్రద్ధయని తలచి కొందరు అలుగుచున్నారు. మరియొకచోటికి పోయి తొందరపడి కడుపు కడిగించుకొనువారును కలరు. బ్రతికియున్న పిండమును పొరపాటున తీసివేయకుండుటకే ఆ గడువు. ఆ వారము దినములు తల్లికి ఎంత బరువైనవో మేమెరుగుదుము. అయినను వేచియుండవలసినదే.

గర్భము నిలువదని తేలిన పిమ్మట మూడు మార్గములు కలవు. దేహము తానే శుభ్రపరచుకొనునట్లు కొన్ని దినములు కనిపెట్టియుండుట ఒకటి. గర్భసంచిని ముడుచుకొనజేయు మిసోప్రోస్టాల్ మాత్రలు ఇచ్చుట రెండవది. లోపల మిగిలినదానిని తీసివేయుట మూడవది. రక్తము అధికముగా పోవుచున్నను, చీము పట్టినను మూడవదే తగినది. పల్లెలలో దీనిని కడుపు కడుగుట యనియు, డి అండ్ సి యనియు చెప్పుకొందురు. పూర్వము లోహపు పరికరముతో గీకి తీయుచుండిరి. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని వదలి, సన్నని గొట్టముతో పీల్చి తీయు పద్ధతిని అనుసరింపుమని చెప్పుచున్నది. దీనిలో గర్భసంచికి గాయమగుట తక్కువ. చేతితో పనిచేయు ప్లాస్టిక్ సిరంజితోనే దీనిని చేయవచ్చును. విద్యుచ్ఛక్తి కూడ అక్కరలేదు. కొలది నిమిషముల పని. నొప్పి తెలియకుండ మందిచ్చి చేయుదురు. పెక్కుమంది అదేదినమున ఇంటికి పోవచ్చును. శిక్షణ పొందిన వైద్యుడున్నచోట చిన్న ఆసుపత్రిలో సైతము ఇది సాధ్యము కావున గ్రామప్రాంతములకు ఈ పద్ధతి విశేషముగా ఉపకరించును. తమ మండలపు ఆసుపత్రిలో ఇది లభించునా యని పంచాయతీ పెద్దలు అడిగి తెలిసికొనుట మంచిది. సాధారణముగా వారు రోడ్లను, బోరుబావులను గూర్చి అడుగుదురు. దీనిని అడిగినవారు మాకు తటస్థపడలేదు.

రక్తపు గ్రూపు నెగటివు అయిన స్త్రీ ఆ మాటను తానే ముందుగా చెప్పవలెను. బిడ్డ గ్రూపు పాజిటివు అయినచో తల్లి రక్తములో ఒక విధమైన విరోధము పుట్టి, తరువాతి కాన్పులలో బిడ్డకు చేటు కలుగవచ్చును. దానిని నివారించు ఆంటీ-డి అను సూదిమందు కలదు. నెలలనుబట్టి అవసరమో కాదో వైద్యులు నిర్ణయింతురు. అవసరమని తేలినచో 72 గంటలలోపల ఇవ్వవలెను. ఇంటికి పోయిన తరువాత జ్ఞాపకము వచ్చి లాభము లేదు.

సంతకము విషయము. పదునెనిమిది ఏండ్లు నిండిన స్త్రీ తన చికిత్సకు తానే సమ్మతి తెలుపవచ్చును. భర్త పట్నములో లేడని, మామగారు ఇంకను రాలేదని రక్తము పోవుచున్న స్త్రీని బల్లమీద పరుండబెట్టి వేచియుండుట తగదు. అట్లే, ఈమె కావలెనని కడుపు తీయించుకొనినదేమోయను అనుమానముతో కొన్నిచోట్ల సిబ్బంది కఠినముగా మాటలాడుట కలదు. 1971 నాటి చట్టము, దానికి 2021లో జరిగిన సవరణ, వైద్యులచే గర్భము తొలగించుకొనుటకు ఏ పరిస్థితులలో అనుమతి కలదో నిర్ణయించినవి. ఆ విచారణ ఏదైనను చికిత్సకు తరువాతి మాట. ప్రాణాపాయములోనున్న వ్యక్తికి పోలీసు కాగితములకై ఎదురుచూడక వైద్యము చేయుట ప్రతి వైద్యుని విధియని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా వ్యాజ్యములో తీర్పుచెప్పినది. ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర చికిత్స నిరాకరించుట జీవించు హక్కును భంగపరచుటయేయని 1996లో మరియొక తీర్పు స్పష్టపరచినది. ఈ రెండు తీర్పులను మేము పేర్కొనుట తగవులాడుమని కాదు. పడకలు లేవు, వేరొకచోటికి పొండు అని ఎవరైనను అనినచో, ముందు రక్తస్రావమును అదుపుచేసి, తరువాత వాహనమిచ్చి పంపుమని మర్యాదగా, గట్టిగా అడుగుటకు ఈ జ్ఞానము తోడ్పడును.

ప్రాణము దక్కిన పిమ్మట మిగిలినది మనస్సు. దీనిని గూర్చి ఆసుపత్రి రిజిస్టర్లలో గడి లేదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక జిల్లా ఆసుపత్రిలో మేము చూచినది నేటికిని మరవలేకున్నాము. అయిదవ నెలలో గర్భము పోయిన స్త్రీ ఒకతె బాలింతల నడుమ పడుకొనియుండెను. ఇటు ఉయ్యాల, అటు ఉయ్యాల. తీపి పంచుటకు వచ్చిన బంధువులు తెలియక ఆమె చేతిలో కూడ లడ్డు పెట్టి, "నీకేమి పుట్టినాడు?" అని అడిగిరి. ఆమె లడ్డును దిండు క్రింద దాచుకొని గోడవైపు తిరిగినది. అక్కడి నర్సుకు దయ లేకపోలేదు. ఆమె ఒక్కతెయే ఆ రాత్రి ముప్పదిమందిని చూచుచుండెను. అయినను వార్డు చివర ఒక మంచము, నడుమ ఒక తెర, ఇంతమాత్రమునకు పెద్ద నిధులు అక్కరలేదు. బాలింతల వార్డులో గాక స్త్రీరోగ విభాగములో పడక ఇమ్మని రోగి బంధువులు అడుగవచ్చును. అడుగుటలో తప్పు లేదు. స్థలమున్నంతలో పెక్కుచోట్ల సిబ్బంది అంగీకరింతురు.

నెలలు కొంచెము ముదిరిన పిదప గర్భము పోయినచో, ఆ పిండమును ఏమి చేయుదురను ప్రశ్న తల్లిని లోలోపల తినివేయును. నోరు తెరచి అడుగదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమముల ప్రకారము ఆసుపత్రులు దానిని ప్రత్యేకముగా పసుపుపచ్చ సంచిలో వేరుపరచి దహనాదుల ద్వారా విసర్జించవలెను, చెత్తకుప్పలో వేయరాదు. తమ ఆచారము ప్రకారము పూడ్చదలచిన కుటుంబము ఆ కోరికను ముందుగానే వైద్యునకు తెలిపి, వారి సలహా పొందవలెను. తల్లి చూడగోరినచో చూపవలెను; వద్దనినచో బలవంతపెట్టరాదు. చూచిన పిచ్చిపట్టునని పెద్దలు వారించుట కలదు. ఆమె ఇష్టమేమో ఆమెనే అడుగుట మేలు.

ఇంటికి వచ్చిన తరువాత ఒకటి రెండు వారములు కొంచెము కొంచెముగా రక్తము కనబడుట సహజము. తగ్గవలసినది పెరిగినను, జ్వరము వచ్చినను మరల ఆసుపత్రికి పోవలెను. రక్తము పూర్తిగా ఆగువరకు భార్యాభర్తలు కలియరాదు. స్నానము నిషేధము కాదు. నాలుగయిదు నెలలు దాటిన గర్భము పోయినచో, రెండు మూడు దినములకు పాలు పడవచ్చును. ఈ సంగతి ముందుగా ఎవరును చెప్పకపోవుటచే, బిడ్డ లేని ఒడిలో రవిక తడిసిన వేళ ఆ తల్లి అనుభవించు వేదన మాటలకందదు. రొమ్ములను పిండరాదు, బిగువైన లోదుస్తు ధరించి, చల్లని గుడ్డ వేసినచో కొలది దినములలో తగ్గిపోవును. గట్టిపడి ఎఱ్ఱబారి జ్వరము వచ్చినచో వైద్యునకు చూపవలెను.

బాలింతకు పెట్టు పత్తియమును ఈమెకు కూడ పెట్టి, నీరు తగ్గించి, కారము వెల్లుల్లి అన్నము మాత్రమే పెట్టు ఆచారము కొన్ని ఇండ్లలో కలదు. రక్తము పోయిన దేహమునకు కావలసినది పుష్టి. మన దేశములో పదునైదునుండి నలుబదితొమ్మిది సంవత్సరముల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలినది. అనగా రక్తము పోకమునుపే సగముమందికి పైగా లోటుతోనున్నారు. ఈ విషయమును పరిశోధించు జాతీయ పోషకాహార సంస్థ ఈ తార్నాకలోనే, విశ్వవిద్యాలయపు ఇరుగుపొరుగున ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ యిది. ఇనుమును, అయోడినును కలిపిన ఉప్పును రూపొందించినది ఈ సంస్థయే. మన వంటింటికి సంబంధించినంతవరకు తెలియవలసినది సులభము. తోటకూర, మునగాకు, రాగులు, పప్పులు, గ్రుడ్లు, మాంసము, వీనిలో ఇనుము కలదు. ఆకుకూరలలోని ఇనుము వంటబట్టుటకు పులుపు, అనగా నిమ్మ, ఉసిరి, జామ వంటివి తోడు కావలెను. అన్నము తినిన వెంటనే టీ త్రాగినచో ఆ ఇనుము వృథాయగును. ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుపమాత్రలు మలమును నల్లగా చేయును. అందుకు భయపడి మానరాదు.

మరల గర్భము ఎప్పుడు? నెలసరి సాధారణముగా నాలుగునుండి ఆరు వారములలో వచ్చును. కాని అంతకుముందే, రెండు వారములకే మరల గర్భము నిలువగల అవకాశము కలదు. కావున దేహము కోలుకొనువరకు ఆగదలచినవారు ఆసుపత్రినుండి బయలుదేరకమునుపే తగిన సాధనమును గూర్చి అడుగవలెను. ఒక్కసారి గర్భము పోయినంతమాత్రమున తరువాతిది పోవునని భావింపరాదు. చాలమందికి తరువాతి కాన్పు సవ్యముగా జరుగును. రెండు మూడుసార్లు వరుసగా పోయినచో మాత్రము పరీక్షలు చేయించవలెను. ఆ పరీక్షలు భార్యకే కాక భర్తకును కలవు. మేనరికమైనచో ఆ సంగతియు చెప్పవలెను. రక్తము గడ్డకట్టు స్వభావమువలన గర్భము పోవు కొందరికి మందులతో గర్భము నిలుపవచ్చును. ఈ పరీక్షలకు డబ్బు పెట్టుటకు సంకోచించి, కుమారునకు రెండవ పెండ్లిమాట తలపెట్టిన పెద్దలను మేము చూచితిమి. అంతకన్న పరీక్షకే ఖర్చు తక్కువ.

దుఃఖము నెలల తరబడి తగ్గక, నిద్రాహారములు మాని, బ్రతుకుమీద విరక్తి మాటలాడు స్త్రీని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును. భర్తకును దుఃఖముండును. పొలములో ఒంటరిగా కూర్చుండువాడు, అకస్మాత్తుగా కల్లుదుకాణమునకు అలవాటుపడినవాడు, ఆ సంఖ్యకే ఫోను చేయవచ్చును.

చివరగా పనిచేయు స్త్రీల సంగతి. 1961 నాటి ప్రసూతి సౌకర్య చట్టము గర్భస్రావమైన స్త్రీకి ఆ మరుసటి దినమునుండి ఆరు వారములు వేతనముతో కూడిన సెలవు నిచ్చినది. దాని స్థానములో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఆ హక్కు నిలిచియున్నది. ఆరు వారములలో ఆమెచే పని చేయించుట యజమానికి నిషేధము. అటుపిమ్మట కూడ జబ్బు తగ్గనిచో మరియొక నెల సెలవు కోరవచ్చును. ఈ.ఎస్.ఐ. చందా చెల్లించు ఫ్యాక్టరీ కార్మికురాలికి ఆ ఆరు వారముల వేతనమును ఈ.ఎస్.ఐ.యే చెల్లించును. తార్నాకకు ప్రక్కనేయున్న నాచారములో వారి ఆసుపత్రి కలదు. ఆర్.టి.సి. ఉద్యోగుల కుటుంబములకు తార్నాకలోనే ఆసుపత్రి కలదు. రోజుకూలికి పోవు స్త్రీకి మాత్రము ఈ చట్టపు నీడ సరిగా అందుటలేదని ఒప్పుకొనవలెను. ఆమె మూడవనాడే ఇటుకలు మోయుటకు పోవుచున్నది. ఆమె విషయములో ఇరుగుపొరుగువారు, మహిళాసంఘములు ఆ కొలది వారములు చేయూత నిచ్చుట మినహా మార్గము కనబడుటలేదు.

సెలవునకైనను, మరుసటి కాన్పునకైనను అవసరమైనది ఆసుపత్రి ఇచ్చు డిశ్చార్జి కాగితము. ఎన్ని వారముల గర్భము, ఏ తేదీన పోయినది, ఏమి చికిత్స చేసిరి, రక్తపు గ్రూపేమి, ఇవన్నియు అందులో వ్రాయించుకొని, తల్లీబిడ్డల రక్షణ కార్డుతోపాటు పెట్టెలో భద్రపరచవలెను. గోల్నాకలోని పెద్దమ్మ కోడలి కాగితమును మాకు చూపినది. పసుపు, కుంకుమ పెట్టిన పాత డబ్బాలో, రేషను కార్డు మడతలో దానిని ఉంచినది. కోడలికి మరల నాలుగవ నెల యని, ఈసారి ఏ.ఎన్.ఎం.కు తానే స్వయముగా చెప్పివచ్చితినని ఆమె అనినది.